నెలసరి లెక్కల్లో అండమాన్ ముందంజ.. ఆ 99 శాతం చెప్పని సంగతులు

చెన్నై నుంచి సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు వెళ్తే వచ్చే అండమాన్ నికోబార్ దీవులు ఒక విషయంలో దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ 15-24 ఏళ్ల యువతుల్లో దాదాపు 99 శాతం మంది నెలసరి సమయంలో పరిశుభ్రమైన సాధనాలు వాడుతున్నారు. దేశ సగటు 78 శాతం. తెలంగాణలో ఇది 92, ఆంధ్రప్రదేశ్‌లో 85, బీహార్‌లో 59 శాతం.

ఇంతకీ ఈ సంఖ్య దేన్ని కొలుస్తుంది? శానిటరీ న్యాప్కిన్, స్థానికంగా తయారైన న్యాప్కిన్, టాంపన్, మెన్‌స్ట్రువల్ కప్‌లలో ఏది వాడినా సర్వే దాన్ని పరిశుభ్రమైన పద్ధతిగా లెక్కిస్తుంది. బడిలో గడియ పడే మరుగుదొడ్డి, అందులో నీళ్లు ఉన్నాయా, వాడిన ప్యాడ్ ఎక్కడ వేయాలి అన్నవి ఈ లెక్కలోకి రావు. నెలసరి పేదరికం అంటే ప్యాడ్ కొనలేకపోవడమే కాదు, ఈ వసతులూ సరైన సమాచారమూ అందకపోవడం కూడా.

మైల కాదు, శరీర ధర్మం

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. తెలుగువారిలో తొలి నెలసరికి బంధువులను పిలిచి వేడుక చేసే ఆచారం ఉంది. ఆ తర్వాత ప్రతి నెలా అదే అమ్మాయిని వంటింటికీ పూజగదికీ దూరంగా ఉంచే ఇళ్లూ ఉన్నాయి. ఇలాంటి అపోహ ఒకప్పుడు వైద్యశాస్త్రంలోకీ చొరబడింది. బహిష్టు సమయంలో స్త్రీలు తాకితే పూలు వాడిపోతాయని, అందుకు వారి శరీరంలోని ఒక విషమే కారణమని 1920లో వైద్యుడు బేలా షిక్ ప్రతిపాదించారు. అలాంటి విషం ఉన్నట్టు రుజువు కాలేదు.

జరిగేది ఇంతే. గర్భం నిలవకపోతే ప్రొజెస్టిరాన్ హార్మోన్ తగ్గుతుంది. దాంతో గర్భాశయం లోపలి పొర ఊడి, రక్తంతో కలిసి బయటకు వస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు గర్భాశయ కండరాలను సంకోచింపజేయడం వల్ల కడుపునొప్పి వస్తుంది.

వాడిన ప్యాడ్ ఎటు?

2018లో ప్యాడ్లపై జీఎస్టీ తొలగించారు. 2019 నుంచి జన ఔషధి కేంద్రాల్లో ఒక్కో ప్యాడ్ రూపాయికే దొరుకుతోంది. కానీ చాలా ప్యాడ్లలో ప్లాస్టిక్ పొర, తడిని పీల్చే పాలిమర్ ఉంటాయి. అవి మట్టిలో త్వరగా కలవవు. స్థలం తక్కువగా ఉండి, చుట్టూ సముద్రమున్న దీవుల్లో ఇది మరింత పెద్ద సమస్య. వాడిన ప్యాడ్‌ను చుట్టి పొడి చెత్తలో వేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఎవరైనా చూస్తారన్న సిగ్గుతో దాన్ని మరుగుదొడ్డిలోనో కాలువలోనో పడేస్తే ఏ నిబంధనైనా కాగితం మీదే మిగులుతుంది.

మెన్‌స్ట్రువల్ కప్ మరో మార్గం. దీన్ని సరిగా శుభ్రం చేసుకుంటూ ఏళ్ల తరబడి వాడవచ్చు. 43 అధ్యయనాలను సమీక్షించి, ఇది సురక్షితమేనని 2019లో ల్యాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రిక ప్రచురించింది. కేరళ తీరంలోని కుంబళంగిని 2022లో దేశంలో తొలి న్యాప్కిన్ రహిత పంచాయతీగా ప్రకటించారు. అయితే కప్‌ను మరిగించడానికి శుభ్రమైన నీరు, ఇంట్లో సంకోచం లేని వాతావరణం కావాలి.

కొత్త ప్యాడ్‌ను కాగితంలో చుట్టి, నల్ల కవరులో దాచి ఇచ్చే దుకాణాలు ఇంకా ఉన్నాయి. నిజానికి చుట్టాల్సింది వాడిన ప్యాడ్‌ను. ఆ తేడాను అమ్మాయిలతో పాటు అబ్బాయిలకూ బడిలోనే చెప్పాలి.