తుపాను కాలమున కూరగాయల తోట

ఓడరేవును, ఉక్కు కర్మాగారమును గల విశాఖపట్నమునకు భీమునిపట్నము, ఆనందపురము, పద్మనాభము వైపు గ్రామములనుండి కూరగాయలు పోవుచున్నవి. అట్టి గ్రామములలోనే పెక్కు ఇండ్లవారు తోటకూర కట్టను సైతము కొని తెచ్చుకొనుచుందురు. పెరటిలోను, బడి ఆవరణలోను, అంగన్‌వాడీ ప్రక్కను శరదృతువున తోట వేసినచో ఈ లోటు చాలవరకు తీరును.

అయితే మన తీరమున ఈ తోటకు మొదటి శత్రువు పురుగు కాదు, తొందరపాటు. అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినప్పుడు ఎదిగిన తోటలు నేలమట్టమైనవి. కావున నారు ఒకేసారి పోయరాదు. దసరా వెళ్లగనే సగము విత్తనమును, పక్షము దినముల పిదప తక్కిన సగమును పోయవలెను. మొదటిది వాన పాలైనను రెండవది దక్కును. ఇందులకు అదనపు వ్యయమేమియు లేదు.

నారుమడి చుట్టునున్న నేలకంటె అరడుగు ఎత్తుగా నుండవలెను. నీరు నిలిచెనా, నారుకుళ్లు సోకి మొలకలు మొదట మెత్తబడి ఒరిగిపోవును. అట్లు కనబడినచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడిని తడుపవలెను. బాగుగా చివికిన పశువుల ఎరువునే వేయవలెను. పచ్చిపేడ చెదలను పిలుచును. టమాటా నారు 25 మొదలు 30 దినములలోను, వంగనారు 30 మొదలు 35 దినములలోను, మిరపనారు సుమారు ఆరు వారములకును నాటుటకు వచ్చును. వాయుగుండపు హెచ్చరిక ఉన్నపుడు మాత్రము నాటవద్దు. నారు నాలుగు దినములు ముదిరినను చెడునదేమియు లేదు.

ఈలోపల తోటకూర విత్తనమును ఇసుకతో కలిపి చల్లుకొన్నచో నెల తిరుగకమునుపే కూర చేతికి వచ్చును. టమాటా వరుసల నడుమ అక్కడక్కడ బంతి నాటుట మేలు. కాయతొలుచు పురుగు తల్లి బంతి మొగ్గలను ఇష్టపడి వానిపై గ్రుడ్లు పెట్టును. మిగిలిన పూలు సంక్రాంతికి గుమ్మములకు పనికివచ్చును.

కంచె లేని తోట మేకలకు సత్రమే గదా! కంచె, నీరు అను రెండింటిని పంచాయతీ చూడవలెను. కుళాయిల వద్ద పొర్లి దోమలను పెంచు నీటిని చిన్న కాలువ ద్వారా అరటి, మునగ మొక్కలకు మళ్లింపవచ్చును. సబ్బునీరు, మురుగునీరు ఆకుకూరలకు పారింపరాదు. సంక్రాంతి సెలవులలో బడితోటకు నీరు పోయువారెవరో సభ్యులు ముందుగనే నిర్ణయించి, ఆ పేరును తీర్మానముల పుస్తకములో వ్రాయించవలెను.