మీకు తెలుసా? గోదావరి వంతెన కంటే ముందే ఏలూరుకు రైలొచ్చింది!

ఒకప్పటి వేంగి రాజధాని పెదవేగికి రైలు మార్గం లేదు. దగ్గర్లోని పెద్ద స్టేషన్ ఏలూరే. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా సాగే లైను, 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసిన కటక్–బెజవాడ మార్గంలోది. అప్పటికి గోదావరి మీద రైలు వంతెనే లేదు. కొవ్వూరులో దిగి, నది దాటి, రాజమండ్రిలో మళ్లీ రైలెక్కాల్సిందే! 1900లో హేవలాక్ వంతెన వచ్చాకే ఆ అవస్థ తీరింది.

1901లో ఈ లైను మద్రాసు రైల్వేకి వెళ్లింది. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే. ఇన్ని చేతులు మారిన స్టేషన్ల చరిత్ర ఒక్కచోట ఎలా దొరుకుతుంది? పాత టైంటేబుళ్లలో వెతికేవారు ఏలూరుకు ‘ఎల్లోర్’, విజయవాడకు ‘బెజవాడ’ అనే పేర్లతో వెతకాలి.

కాగితాల్లో లేనిది ఇనుము మీద ఉంటుంది. పాత స్టేషన్ల దగ్గర కంచె గుంజలుగా పాతిన రైలు పట్టా ముక్కలు కనిపిస్తే పక్కభాగం పరిశీలించండి. తుప్పు కింద ఉబ్బెత్తు అక్షరాల్లో తయారీ కంపెనీ పేరు, సంవత్సరం కనిపించవచ్చు. అది పట్టా పుట్టిన ఏడాదే, స్టేషన్ కట్టిన ఏడాది కాదు. ఎక్కడో వాడి తీసేసిన పట్టాలనే ఇలా గుంజలుగా పాతేవారు.

వేంగి దిబ్బల్లో దొరికిన ఇటుకకు ఇచ్చే విలువ ఈ ఇనుముకూ దక్కాలి. మీ ఇంట్లో రైల్వేలో పనిచేసిన పెద్దల పాత టికెట్లు, పాసులు, ఫొటోలు ఉంటే దయచేసి పారేయకండి. వాటి వెనక ఊరు, సంవత్సరం రాసి దాచండి.