ట్రాలీకి పవర్ టిల్లరు – కొనే ముందు

పావగడ తాలూకాలో వేరుశెనగ మూటలు ఇంటికి చేర్చడానికి ట్రాలీ లాగే పవర్ టిల్లరు కొనాలనుకుంటున్నారా? ఎన్ని హార్స్‌పవర్ అని అడిగితే చాలదు. ముందు మీ దారి చూసుకోండి.

పది అడుగులకు ఒక అడుగు లేచే మిట్టమీద, టిల్లరు, ట్రాలీ, మూటలు కలిసి టన్ను బరువుంటే, ఎక్కడానికే సుమారు 100 కిలోల లాగుడు కావాలి. ఇసుకలో ఇంకా ఎక్కువ. టైరుకు పట్టు లేకపోతే ఎంత పెద్ద ఇంజనైనా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది.

అసలు ప్రమాదం దిగుడులో ఉంది. సమతలంలో ఎడమ క్లచ్చు పడితే బండి ఎడమకు తిరుగుతుంది. దిగుడులో ట్రాలీ వెనుకనుంచి నెడుతుంది. అప్పుడు ఎడమ క్లచ్చు పడితే ఆ చక్రం స్వేచ్ఛగా దొర్లుతుంది, కుడి చక్రాన్ని ఇంజను పట్టి ఉంచుతుంది. బండి కుడికి తిరుగుతుంది! తెలియనివారు గుంటలో పడేది ఇలాగే. కనుక దిగకముందే చిన్న గేరు వేసుకోండి. న్యూట్రల్‌లో దొర్లనీయకండి. స్టీరింగు క్లచ్చులు ముట్టకుండా, హ్యాండిలుతోనే మెల్లగా తిప్పండి.

బ్రేకు లేని ట్రాలీ చవకగా వచ్చినా వద్దనండి. డబ్బు కట్టేముందు బరువు వేయించి, మీ ఊరి మిట్టమీదనే ఎక్కించి, దింపించి చూడండి.