మన వీధి పట్నంలో కలిసిందట!

మా వంటింటి అలమరలో ఒక పాత బోర్నవిటా డబ్బా ఉంది. అందులో పోపుగింజలు ఉంటాయనుకునేరు, ఇంటిపన్ను రసీదులు దాస్తాను. మొన్న బూజులు దులుపుతూ తీసి చూస్తే అడుగున చేత్తో రాసిన గ్రామ పంచాయతీ రసీదులు, పైన కంప్యూటర్లో కొట్టిన మునిసిపాలిటీవి కనిపించాయి. ఇకమీదట మూడో రకం మొదలవుతుంది. మేమేమీ ఇల్లు మారలేదండీ. అదే గుమ్మం, అదే తులసికోట, అదే కారే ట్యాంకు. ఊరే మా కాళ్ల కింద రెండుసార్లు మారింది.

మాది హైదరాబాదుకి తూర్పున, ఔటర్ రింగు రోడ్డు దగ్గర్లో ఉన్న ఊరు. పేరెందుకు లెండి, మా కథలాంటి కథ ఉన్న ఊళ్లు చుట్టూ బోలెడున్నాయి. 2018 ఆగస్టులో తెలంగాణలో చాలా పంచాయతీలను కలిపి కొత్త మునిసిపాలిటీలు చేశారు, అందులో మేమూ చేరాం. 2025 నవంబరులో నగరం చుట్టూ ఉన్న 27 మునిసిపాలిటీలను, కార్పొరేషన్లను గ్రేటర్ హైదరాబాదులో కలపాలని మంత్రివర్గం నిర్ణయించింది. డిసెంబరు మొదటివారానికల్లా ఆ పని అయిపోయింది. ఇటు ఘట్‌కేసర్, పోచారం, బోడుప్పల్ నుంచి అటు శంషాబాద్, మణికొండ, అమీన్‌పూర్ దాకా అన్నీ పట్నమే.

"ఇవన్నీ మగవాళ్లు మాట్లాడుకునేవి, మనకెందుకు?" అంటారా? నేనూ అలాగే అనుకునేదాన్ని. టీవీలో వార్తలొస్తుంటే లేచి కుక్కర్ చూడ్డానికి వెళ్లిపోయేదాన్ని. కానీ ఊరు పట్నంలో కలవడమనేది ముందు మన వంటింట్లోకే వస్తుంది, ఆ తర్వాతే వాళ్ల కచేరీల్లోకి వెళుతుంది.

నీళ్ల సంగతే చూడండి. 2021 జనవరిలో గ్రేటర్ పరిధిలోని ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల వరకు తాగునీరు ఉచితం చేశారు. ఆ పథకం గ్రేటర్ హద్దు దాకానే. మా అక్క కూతురి అపార్టుమెంటు హద్దుకి అటు, మేము ఇటు. వాళ్ల వాచ్‌మన్ నీళ్లు పట్టి మెట్లు కడుగుతుంటే, ఇక్కడ నేను బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకి పోస్తూ ట్యాంకరు కోసం ఎదురు చూసేదాన్ని. అందుకే పట్నంలో కలుపుతున్నారనగానే మా వీధిలో సగంమంది సంతోషించారు. వాళ్లను తప్పు పట్టలేను.

కానీ మా ఇంట్లో అంట్లు తోమే ఆమెది ఇంకో లెక్క. ఆమె మాట ఆమె నోటితోనే వినండి: "పంచాయితీ ఉన్నప్పుడు ఎండకాలం చెరువుల మట్టి తవ్వే పనికి పోతుంటిమి అమ్మా. మున్సిపాలిటీ అయినంక ఆ పని లేదన్నరు. కార్డు ఇంట్లనే ఉంది." ఉపాధి హామీ పథకం పల్లెలకే కదా. బోర్డు మీద 'పంచాయతీ' అన్న మాట చెరిపి 'మునిసిపాలిటీ' అని రాసేసరికి ఆమె ఎండాకాలం సంపాదన పోయింది. పోయిన దానికి బదులుగా ఏదైనా వచ్చిందా అంటే రెండిళ్లలో ఎక్కువ అంట్లు తోముకోవడమే.

ఈ కలపడాలు కొత్తవి కాదు. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, ఉప్పల్ కలాన్, కాప్రా, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లిలాంటి 12 మునిసిపాలిటీలను పాత నగరంలో కలిపి గ్రేటర్ చేశారు. 170 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న ఊరు ఒక్కసారిగా 600 దాటింది. దానికి మొదటి ఎన్నికలు జరిగింది మాత్రం 2009 నవంబరులో! బండ కార్తీకరెడ్డిగారు అప్పుడే మేయరయ్యారు. మధ్యలో రెండేళ్ల పైన అడగడానికి కార్పొరేటరు లేడు. ఈసారీ అంతే. మా వైపు మునిసిపాలిటీ పాలకవర్గాల గడువు 2025 జనవరిలోనే అయిపోయింది. 2020 ఎన్నికల్లో సగం వార్డులు ఆడవాళ్లకిచ్చారని మురిసిపోయాం కానీ, ఊరి తలరాత మారేనాటికి ఆ కుర్చీల్లో ఎవరూ లేరు, ప్రత్యేకాధికారులే ఉన్నారు. కలపొద్దని నేననడం లేదు. పెళ్లిచూపులకైనా పిల్లనొక మాట అడుగుతాం కదా!

ఇక అసలు సంగతికి వస్తాను. జోనింగ్ అంటారే, అది. వంటింట్లో పప్పుల డబ్బాలు ఒక వరుసలో పెట్టి, ఫినాయిల్ సీసా దూరంగా ఇంకో మూల పెడతాం చూడండి, ఊరికి ఆ పని చేసేదే జోనింగ్. ఇక్కడ ఇళ్లు, అక్కడ ఫ్యాక్టరీలు, ఈ మూల చెరువు, ఆ మూల పొలాలు అని పటం మీద రంగులు వేస్తారు. మా చుట్టుపక్కల ఆ పటం గీసేది మునిసిపాలిటీ కాదు, హుడా స్థానంలో 2008లో వచ్చిన హెచ్.ఎం.డి.ఎ. 2013 జనవరిలో వచ్చిన మాస్టర్ ప్లాను 2031 దాకా లెక్క వేసి గీసింది. ఒక స్థలం రంగు మార్చాలంటే ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు, ఆఖరి మాట ప్రభుత్వానిది. ఆ ప్రకటన పేపర్లో చిన్న అక్షరాల్లో, టెండర్ల పక్కన పడుతుంది. అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే గడువు వారాల్లోనే అయిపోతుంది.

నాకు ఆ ప్రకటన ఎలా దొరికిందనుకున్నారు? 2022లో ఒకరోజు గోంగూర ఒలుద్దామని పాత పేపరు పరిచాను. ఆకుల మధ్యలోంచి ఒక సర్వే నంబరు కనిపించింది. ఎక్కడో చూశానే అనిపించి బీరువాలోంచి మా దస్తావేజు తీశాను. మా స్థలానికి తూర్పు హద్దుగా రాసిన నంబరే అది! మా వెనకాల ఉన్న ఆరెకరాల పొలాన్ని వ్యవసాయ రంగులోంచి నివాస రంగులోకి మార్చబోతున్నారట. మా వారికి చూపిస్తే "మార్చనీ, మన రేటూ పెరుగుతుంది" అన్నారు. నాకు మాత్రం కాళ్లు వణికాయి.

ఎందుకంటే ఆ పొలం మధ్యలోంచి పై చెరువు అలుగు నీళ్లు కింది చెరువుకి పోయే కాలువ ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి మా ఇంట్లో మోకాలు లోతు నీళ్లు. బియ్యం డ్రమ్ము, పిల్లల పుస్తకాలు, మా అత్తగారి మంచం, అన్నీ తేలాయి. ఆ పొలం చాలా నీటిని తాగబట్టి మోకాలితో పోయింది. అక్కడ పునాదులు లేస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?

పక్కింటి వదినగారితో కలిసి వీధంతా తిరిగాను. అందరూ సంతకం పెడతారనుకుంటే పొరపాటే. రెండో లైనులో ఒకావిడ మొహం మీదే అడిగింది: "మనం వచ్చినప్పుడు ఇక్కడ జొన్నచేలు కాదా? మనం కట్టుకోవచ్చు, వేరేవాళ్లు కట్టుకోకూడదా? మా అబ్బాయికి ఉప్పల్ లోపల అద్దె కట్టుకునే తాహతు లేదు. ఇక్కడ అపార్టుమెంట్లు వస్తే చిన్న ఫ్లాటు దొరుకుతుందేమోనని చూస్తున్నా."

నాకు నోట మాట రాలేదు. రైలు పెట్టెలోకి మనం ఎక్కేదాకా "జరగండమ్మా" అని బతిమాలి, ఎక్కాక తలుపు మూసేసినట్టుంది నా పని. ఆ రాత్రి అర్జీ చింపేసి మళ్లీ రాశాను. కట్టొద్దని కాకుండా, కాలువ వెడల్పు తగ్గించొద్దు, దాని గట్టున ఖాళీ వదలాలి, దారి మా ఇరుకు వీధిలోంచి కాకుండా మెయిన్ రోడ్డు వైపు పెట్టాలి అని మూడే ముక్కలు. ఈసారి ఆవిడ కూడా సంతకం పెట్టింది. మొత్తం 34 సంతకాలయ్యాయి.

ఆఫీసులో అర్జీ ఇవ్వడం ఒక ప్రహసనం. ఒక బల్ల దగ్గర "ఇది మాది కాదు" అన్నారు, రెండో బల్ల దగ్గర భోజనానికి వెళ్లారు. మా వార్డు కౌన్సిలరమ్మగారిని కలుద్దామంటే వాళ్లాయన మాట్లాడాడు, ఆవిడ లోపల దోసెలు వేస్తోంది. నేను వంటింట్లోకే వెళ్లి ఆవిడతో మాట్లాడాను. అప్పుడు కదిలింది పని. కౌన్సిల్ సమావేశంలో ఆవిడ లేచి కాలువ సంగతి అడిగిందని తర్వాత తెలిసింది. వాళ్లాయనకు నచ్చలేదట, అది వేరే విషయం.

చివరికి ఏమైందంటారా? రంగు మారింది. కాలువ వదలాలని షరతు పెట్టారు. వదిలారు కూడా, కాకపోతే వాళ్లు లెక్క వేసుకున్నంత. దారి సగం మా వీధిలోంచే వస్తోంది. గెలిచామనీ చెప్పలేను, ఓడామనీ చెప్పలేను.

రంగుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని కాపాడడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు రాకూడదని 1996లో జీవో 111 తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు తీసేస్తూ జీవో 69 వచ్చింది. అక్కడి రైతులు పాతికేళ్లుగా మా భూమికి రేటు లేకుండా చేశారని వాపోయారు, మిగతావాళ్లు చెరువులేమైపోతాయని గోల పెట్టారు. ఇద్దరి మాటా నిజమే కావడం ఇందులోని కష్టం.

స్థలం కొనబోయే చెల్లెళ్లు మాత్రం నా మాట కొంచెం వినండి. మా ఆడపడుచు పంచాయతీ లేఅవుటులో ప్లాటు కొంది. సర్పంచి సంతకం ఉంది కదా అనుకుంది. సర్పంచి సంతకం ఒక్కటే లేఅవుటుకి అనుమతి కాదు. 2020లో ఎల్.ఆర్.ఎస్. వచ్చినప్పుడు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టింది. ఆ లేఅవుటులో పార్కుకి పదో వంతు వదలలేదు. అలా వదలనిచోట, క్రమబద్ధీకరణ రుసుము కాక, రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువలో 14 శాతం అదనం. 4 లక్షల ప్లాటుకి అదే 56 వేలు! పార్కు మింగినవాడు హాయిగా ఉన్నాడు, దాని ఖరీదు ఆవిడ గాజులమ్మి కట్టింది.

మా లేఅవుటులో పార్కు ఉంది. అనుమతి ఉన్న లేఅవుటులో ఆ ఖాళీ స్థలం, రోడ్లు పంచాయతీకి గిఫ్టు డీడు చేసి ఇవ్వాలి. ఆ తర్వాత దాన్ని అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. కానీ పంచాయతీ మునిసిపాలిటీగా, మునిసిపాలిటీ పట్నంగా మారేటప్పుడు ఫైళ్లు మూటలు కట్టి ఆటోల్లో వెళతాయి. ఏ మూటలోంచి ఏం జారుతుందో ఎవరికి తెలుసు? అందుకే మా లేఅవుటు నకలు, గిఫ్టు డీడు నకలు ముందే తీయించి నాలుగిళ్లలో నాలుగు కాపీలు పెట్టాం. నాది బోర్నవిటా డబ్బాలో పట్టదు, మడత పెడితే గీతలు చెరుగుతాయి, అందుకని పట్టుచీరల మధ్య పెట్టాను.

చెరువు దగ్గర కొనేవాళ్లు ఇంకా జాగ్రత్త. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్.టి.ఎల్. అంటారు. దానికి బయట కూడా 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిబంధనలు. 2024లో హైడ్రా వచ్చి కూలగొట్టడం మొదలుపెట్టినప్పుడు టీవీలో ఆడవాళ్లు కరెంటు బిల్లులు, ఇంటిపన్ను రసీదులు చేత్తో పట్టుకుని ఏడవడం చూశాం కదా. పన్ను కట్టించుకున్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని అప్పుడే నాకూ అర్థమైంది. ఆ రసీదుల డబ్బా చూసుకుని ఎంత ధైర్యంగా ఉండేదాన్నో!

ఇప్పుడు వానలొచ్చే లోపల కాలువ పూడిక తీయించాలి. మొన్న అర్జీ రాసి పక్కింటి వదినగారి చేతికిచ్చి పంపాను. పాత మునిసిపాలిటీ ఆఫీసులో ముద్ర వేయాలా, పట్నం వాళ్ల దగ్గర వేయాలా అన్నది వాళ్లకే తేలక కాగితం రెండు బల్లల మధ్య గంటసేపు తిరిగిందట. ఆవిడ ఊరుకునే రకమా? రెండు చోట్లా రెండు ముద్రలు వేయించుకుని మధ్యాహ్నం భోజనాలవేళకి ఇంటికొచ్చింది.