కనురెప్పల సర్జరీ: మొదటి రాత్రి చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగొద్దు

పోయిన నెల మా ఖాలా ఫోన్ చేసింది. కొడుకు నికా దగ్గర పడుతోంది, ఫొటోల్లో కళ్ల కింద సంచులు బాగా కనబడుతున్నాయి, తీయించుకుంటే ఎట్లుంటుంది అని అడిగింది. "గంట పనేనంట బేటా. పొద్దున పోతే సాయంత్రానికి ఇంటికి రావొచ్చంట" అంది. ఆమె విన్నది నిజమే. కానీ ఇంటికి వచ్చాక ఆ రాత్రి ఏం చూసుకోవాలో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఈ ఆపరేషన్‌ను బ్లెఫరోప్లాస్టీ అంటారు. పై రెప్ప మీద వాలిన చర్మాన్ని, కింది రెప్పలో ఉబ్బిన కొవ్వును తీసేస్తారు. తర్వాత కొన్ని రోజులు వాపు, కమిలిన మచ్చలు, కళ్లలో నీళ్లు మామూలే. రాసే ఆయింట్‌మెంట్ వల్ల చూపు కాస్త మసకగా ఉంటుంది, రెప్పలు ఆడిస్తే తేలికపడుతుంది. చాలామందికి ఇంతకు మించి ఏమీ కాదు.

భయపడాల్సింది కంటి వెనక రక్తం చేరడం గురించి.

కంటి గుంట చుట్టూ ఎముకే. ముందు వైపు మాత్రమే రెప్పలు ఉంటాయి. రెప్పలో కనిపించే కొవ్వు లోపల కంటి చుట్టూ ఉన్న కొవ్వుతో కలిసే ఉంటుంది. దాన్ని లాగి కత్తిరించినప్పుడు ఏదైనా చిన్న రక్తనాళం సరిగ్గా మూసుకోకపోతే, అది లోపలికి జారి అక్కడ రక్తం కారుతుంది. ఎముక సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతూ పోతుంది. చూపు నరానికి, కంటి లోపలి రెటీనా పొరకు రక్తం అందడం ఆగిపోతుంది. రెటీనా రక్తం లేకుండా తట్టుకునేది సుమారు 90 నుంచి 120 నిమిషాలు. ఆ తర్వాత పోయిన చూపు తిరిగి రావడం కష్టం.

ఇది ఎంత అరుదు? అమెరికాలో కంటి ప్లాస్టిక్ సర్జన్లను అడిగి 2004లో ప్రచురించిన ఒక సర్వే ప్రకారం, ఇలా రక్తం చేరడం సుమారు 2,000 సర్జరీల్లో ఒకసారి, చూపు శాశ్వతంగా దెబ్బతినడం సుమారు 22,000 సర్జరీల్లో ఒకసారి. కామర్స్ చదివిన అలవాటు కొద్దీ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూశాను. రక్తం చేరిన 11 మందిలో దాదాపు 10 మందికి చూపు శాశ్వతంగా పోలేదన్నమాట. ఇందులో టైమ్‌కు డాక్టర్ దగ్గరికి చేరడం చాలా పెద్ద విషయం. ఎక్కువ కేసులు మొదటి 24 గంటల్లోనే బయటపడతాయి. అరుదుగా కొన్ని రోజుల తర్వాత కూడా రావొచ్చు.

ఇంట్లోవాళ్లు ఏం చూడాలి?

రెండు కళ్లూ ఒకేలా ఉబ్బితే అది సాధారణ వాపే కావొచ్చు. ఒక కన్ను మాత్రం గట్టిపడి ముందుకు పొడుచుకొస్తుంటే, నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, కన్ను అటూఇటూ తిప్పలేకపోతే అది వేరే సంగతి. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి ఒక కన్ను మూసి రెండో కంటితో గోడ మీది క్యాలెండర్ అంకెలు చదివించండి. ఎర్ర రంగు వస్తువు చూపించండి. ఒక కంటికి ఆ ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తే చూపు నరం మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. అందుకే ఈ సర్జరీ తర్వాత కళ్లకు గట్టిగా కట్టు కట్టరు. కట్టు కింద చూపు పోతున్నా తెలియదు కదా.

ఇవి కనిపిస్తే నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టడం కాదు, వెంటనే సర్జన్‌కు ఫోన్ చేయాలి. ఎత్తకపోతే దగ్గర్లోని కంటి ఆసుపత్రి ఎమర్జెన్సీకి, అదీ లేకపోతే పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాలి. వెళ్లగానే "ఈరోజు రెప్పల సర్జరీ అయింది, చూపు తగ్గుతోంది" అని ముందే చెప్పాలి. డాక్టర్ కుట్లు విప్పి, కంటి బయటి కొసన చిన్న కోత పెట్టి ఒత్తిడి తగ్గిస్తారు. నిమిషాల పని. చూపు పోతున్నప్పుడు స్కాన్ కోసం ఆగరు.

రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ సంగతి చాలామంది చెబుతారు. ఫిష్ ఆయిల్, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్ మాత్రం మందుల లెక్కలోకి రావనుకుని చెప్పరు. అవీ చెప్పాలి. అలాగని గుండె మందులు సొంతంగా ఆపేయొద్దు, అది ఇంకా పెద్ద ముప్పు. బీపీ అదుపులో ఉండాలి. సర్జరీ తర్వాత వంగడం, బరువులు ఎత్తడం, ముక్కడం వద్దంటారు. మన వాళ్లు సజ్దా సంగతి డాక్టర్‌ను అడగడానికి మొహమాటపడతారు. మొహమాటం దేనికి? ఎన్ని రోజులు వంగకూడదో అడిగి తెలుసుకోండి, అన్ని రోజులూ కూర్చుని ఇషారాతో చదువుకోవచ్చు. సుర్మా కూడా డాక్టర్ సరే అనేదాకా పక్కన పెట్టాలి.

నెమ్మదిగా బయటపడే ఇబ్బందులూ ఉన్నాయి. చర్మం ఎక్కువ తీసేస్తే రెప్ప పూర్తిగా మూసుకోదు. నిద్రలో కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీది పొరకు పుండు పడుతుంది. కొందరికి ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. ముందే కళ్లు పొడిబారేవాళ్లు, థైరాయిడ్ ఉన్నవాళ్లు, లేసిక్ చేయించుకున్నవాళ్లు ఆ సంగతి దాచొద్దు.

ఇక డబ్బు. అందం కోసం చేసే సర్జరీకి వైద్య సేవల జీఎస్టీ మినహాయింపు లేదు, బిల్లు మీద 18 శాతం పడుతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా మామూలుగా ఇవ్వదు. వాలిన రెప్ప నిజంగా చూపుకు అడ్డొస్తుంటే, ఫీల్డ్ టెస్ట్‌లో అది తేలితే, వైద్య అవసరం కింద అడిగే వీలుంటుంది. కాబట్టి ఆ టెస్ట్ సర్జరీకి ముందే చేయించుకోవాలి. చేసేది ఎవరో కూడా చూడండి. రెప్పల సర్జరీలో ప్రత్యేకంగా చదివిన కంటి డాక్టర్లు ఉంటారు, ఆ విభాగాన్ని ఆకులోప్లాస్టీ అంటారు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దానికి వేరే విభాగమే ఉంది. ఎక్కడ చేయించుకున్నా రేటు అడిగే ముందు ఒకటి అడగండి: రాత్రి 2 గంటలకు ఏమైనా అయితే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి, ఎత్తేది ఎవరు?

ఖాలా ఈ ప్రశ్న తను మాట్లాడిన క్లినిక్‌లో అడిగింది. పొద్దున 10 గంటలకు రిసెప్షన్ తెరుస్తామన్నారట. పైగా ఆమెకు గుండెలో స్టెంట్ ఉంది, రోజూ క్లోపిడోగ్రెల్ వేసుకుంటుంది. గుండె డాక్టర్‌ను అడిగితే ఇప్పుడు ఆపే ప్రసక్తే లేదన్నారు. నికా ఫొటోలు ఈ కళ్లతోనే దిగుతానని మొన్న ఫోన్‌లో చెప్పింది.