బొమ్మలో తుపాకి: వెలుగు ఎవరిమీద?

వేసవి సెలవుల బైబిలు పాఠశాలలో పిల్లలకు కాగితాలు, రంగులు ఇచ్చి, మీకు ఇష్టమైన మనిషి బొమ్మ వేయండి అన్నాము. ఒక బాబు సినిమా హీరోను వేశాడు. మనిషి చిన్నవాడు, చేతిలో తుపాకి పెద్దది. "తుపాకి ఎందుకు బిడ్డా?" అంటే, "అది లేకుంటె హీరో ఎట్లయితడు అయ్యగారూ?" అన్నాడు.

నవ్వి ఊరుకోలేకపోయాము. మన జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకు తుపాకి తెరమీద మాత్రమే చూసిన వస్తువు కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ సంవత్సరమే ప్రభుత్వము ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తరువాత ఏళ్ల తరబడి రెండు పక్కలా తుపాకులే. మా చిన్నతనములో పొద్దుగూకితే తల్లులు తలుపులు వేసి దీపము తగ్గించేవారు. దొరల దౌర్జన్యము, వెట్టి నిజమే. ఆ కోపము అబద్ధమని మేము అనము. కాని చనిపోయినవాడు ఏ పక్కవాడైనా ఏడ్చినది మన ఊరి తల్లియే. ఇంత తెలిసి కూడా 1997లో "ఒసేయ్ రాములమ్మ"లో తుపాకి పట్టిన విజయశాంతిని చూసి ఈలలు వేసిన పిల్లలలో మేమూ ఉన్నాము.

సినిమా పోస్టరులో వెలుగంతా తుపాకి పట్టినవాని ముఖముమీదనే పడుతుంది. స్పెయిన్ చిత్రకారుడు గోయా దీనిని తిరగవేశాడు. నెపోలియను సైనికులు మాడ్రిడ్ ప్రజలను కాల్చి చంపడాన్ని ఆయన 1814లో చిత్రించాడు. దాని పేరు "1808 మే 3". అందులో తుపాకులు గురిపెట్టిన సైనికుల వీపులే మనకు కనబడతాయి, ముఖాలు కనబడవు. నేలమీది లాంతరు వెలుగు తెల్లచొక్కా వేసుకొని చేతులు చాచిన ఒక బీదవానిమీద పడుతుంది. అతని కుడి అరచేతిలో గాయమువంటి గుర్తు ఉన్నది. ఆ చాచిన చేతులు ఎవరిని జ్ఞాపకము చేస్తాయో మన సండే స్కూలు పిల్లలు కూడా చెప్పగలరు.

మన కాలములో ఇంకొక కళాకారుడున్నాడు. ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశములో 1977 నుండి 1992 వరకు అంతర్యుద్ధము జరిగింది. ఆ దేశపు జెండామీదనే పుస్తకము, పారలతోపాటు ఏ.కె. 47 తుపాకి బొమ్మ ఉన్నది. 1995లో అక్కడి క్రైస్తవ మండలి, బిషప్ డినిస్ సెంగులానే నాయకత్వములో, ఇండ్లలో దాచిన తుపాకులు తెచ్చి ఇచ్చినవారికి పారలు, కుట్టు మిషన్లు, సైకిళ్లు ఇచ్చింది. యెషయా 2:4 చదివేటప్పుడు అది ఎప్పుడో జరిగే మాట అనుకుంటాము గదా! ఆ తుపాకులను కోసి, ముక్కలను కళాకారులకు అప్పగించారు. వాటితో కెస్టర్ అనే శిల్పి 2001లో ఒక కుర్చీ చేశాడు. అది ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. అందులోని తుపాకులలో ఒక్కటి కూడా ఆఫ్రికాలో తయారైనది కాదు. చచ్చినవారు మాత్రము అక్కడివారు. కుర్చీ వీపుకు నిలిపిన రెండు తుపాకుల కట్టెమీది మరరంధ్రాలు కళ్లవలె, పట్టీ తగిలించే గాడి నోటివలె, నవ్వే ముఖాలుగా కనబడతాయి. అతడు చెక్కినవి కావు, ఉన్నవే.

మరుసటి ఆదివారము ఆ కుర్చీ ఫోటోను పిల్లలకు చూపించాము. ఆ బాబు చాలాసేపు చూశాడు.

"ఇండ్ల ఇంక గుండ్లు ఉన్నయా అయ్యగారూ?"

"లేవు బిడ్డా, ఒట్టి ముక్కలే."

"కూసుంటె గుచ్చుకుంటది గదా."

గుచ్చుకుంటుంది అన్నాము. ఇంటికి వస్తే, సంతలో మేమే మా చిన్నవానికి కొనిపెట్టిన ప్లాస్టిక్ తుపాకి మంచము కింద కనబడింది. దానిని గురించి వానితో ఇంకా మాట్లాడలేదు.