సంబోధన మారిన పాట: ‘బండెనక బండి కట్టి’ నుంచి ‘పొడుస్తున్న పొద్దు మీద’ దాకా గద్దర్ మలిదశ స్టూడియో గీతం

కీలకపదాలు: సంబోధన, వంత, పాఠాంతరం, మలిదశ శైలి, గద్దర్, జననాట్యమండలి, సూర్యాపేట, మునగాల పరగణా

ఉపోద్ఘాతం

1962లో లండన్ నగరంలో ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ రాక్ బృందం 2023 అక్టోబరు 20న ‘హాక్నీ డైమండ్స్’ ఆల్బంను విడుదల చేసింది. సొంత పాటలతో ఆ బృందం స్టూడియో ఆల్బం చేయడం 2005 తరవాత అదే మొదలు. అప్పటికి గాయకుడు మిక్ జాగర్‌కు 80 ఏళ్ళు. తొలినాళ్ళ నుంచీ డ్రమ్స్ వాయించిన చార్లీ వాట్స్ 2021లోనే మరణించాడు. ఆల్బం చివరి పాట వారు రాసినది కాదు. మడ్డీ వాటర్స్ 1950లో రికార్డు చేసిన బ్లూస్ గీతం అది. బృందానికి పేరు వచ్చింది ఆ పాట నుంచే. ఆరు దశాబ్దాల ప్రయాణం తరవాత ఒక బృందం తన పేరుకు మూలమైన పాట దగ్గరికి తిరిగి రావడం విమర్శకు ఆసక్తి కలిగించే విషయం.

మలి వయసులో కళాకారుడు చేసే పనిని ప్రత్యేకంగా పరిశీలించే పద్ధతి పాశ్చాత్య విమర్శలో ఉంది. బీథోవెన్ చివరి రచనలపై అడోర్నో 1937లో ప్రచురించిన వ్యాసం దీనికి ఆరంభం. ఎడ్వర్డ్ సైద్ మరణానంతరం 2006లో వెలువడిన గ్రంథం ‘ఆన్ లేట్ స్టైల్’ దీన్ని విస్తరించింది. మలిదశ రచనలో పరిణతి, ప్రశాంతత ఉంటాయని సాధారణంగా ఆశిస్తారు. ఈ ఇద్దరూ అక్కడ వెతికింది పొసగనితనాన్ని, తెగని వైరుధ్యాన్ని. తెలుగులో ఇటువంటి పరిశీలనకు యోగ్యమైన పాట గద్దర్ అరవై దాటాక ‘జై బోలో తెలంగాణ’ (2011) చిత్రం కోసం రాసి పాడిన ‘పొడుస్తున్న పొద్దు మీద’. అయితే దాన్ని విడిగా చూస్తే ప్రయోజనం తక్కువ. మూడు దశాబ్దాల ముందు అదే గొంతు ‘మా భూమి’ చిత్రంలో పాడిన ‘బండెనక బండి కట్టి’ పక్కన ఉంచి చూడాలి. ఆ పాట పుట్టుక సూర్యాపేట ప్రాంతపు రైతాంగ పోరాటంతో ముడిపడి ఉంది. రెండు రికార్డింగుల మధ్య జరిగిన ప్రధానమైన మార్పు గొంతులో కాదు, సంబోధనలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఒక తేడాను ముందే గుర్తించాలి. రాక్ సంగీతంలో ఆల్బమే కృతి. వేదిక మీద పాడేది దాని పునఃప్రదర్శన. 1972లో రూపుదిద్దుకున్న జననాట్యమండలి విషయంలో ఇది తలకిందులు. అక్కడ ప్రదర్శనే కృతి. గొంగడి, చేతికర్ర, కాలి గజ్జెలు, డప్పు, ఢోలక్, ఎదురుగా కూర్చున్న జనం - ఇవన్నీ కలిస్తేనే పాట. క్యాసెట్ ఆ పాటకు ఊరూరా తిరిగే నీడ మాత్రమే. అందువల్ల గద్దర్ స్టూడియోలో పాడడాన్ని రాక్ గాయకుడు స్టూడియోలో పాడడంతో సమానంగా తీసుకోవడానికి వీల్లేదు.

సూర్యాపేట తాలూకా పాట

‘బండెనక బండి కట్టి’ని నల్లగొండ జిల్లా పోరాటకారుడు బండి యాదగిరి రచనగా సాహిత్యచరిత్ర గుర్తిస్తున్నది. పాట పేరులోనే ఆ నేల భాష వినిపిస్తుంది. ‘వెనుక’ శబ్దం మాటలో ‘ఎనక’ అవుతుంది. ‘బండి’ చివరి ఇకారం లోపించి ‘బండెనక’ ఏర్పడుతుంది. ‘కట్టి’ని ‘గట్టి’ అని రాసే ముద్రిత పాఠాలూ ఉన్నాయి. అది లేఖకదోషం కాదు; ప్రథమారూపం మీది పరుషం సరళమయ్యే గసడదవాదేశం. చదువురాని రైతుకూలీ నోట పలికే సంధిని చిన్నయసూరి సూత్రం సమర్థిస్తుంటే, ‘శుద్ధపాఠం’ పేరుతో దాన్ని ‘కట్టి’గా దిద్దే సంకలనకర్తలు ఉండడం కొంత విచిత్రమే.

పాట నిర్మాణం సరళం. బండ్ల మీద వచ్చే పెత్తందారుని నేరుగా నిలదీస్తూ చరణాలు సాగుతాయి. ప్రతి చరణం చివరా సంబోధన తిరిగి వస్తుంది, దాన్ని వంత అందుకుంటుంది. ఆ సంబోధనలో ‘కొడుకు’ అన్న మాట ఉంది. తెలంగాణ మాటలో ‘కొడుకా’ అన్నది తల్లి నోట లాలన, కోపంలో తిట్టు. కాగితం మీద రెండూ ఒకటే; ఏదో తేల్చేది గొంతు. అందుకే ఈ పాటను కేవలం ముద్రితపాఠంగా చదివే పరిశోధన సగం దగ్గరే ఆగిపోతుంది.

సంబోధనలో ఉండే పేరు మరింత ముఖ్యం. సినిమా ద్వారా అందరికీ తెలిసిన పాఠంలో సంబోధితుడు నైజాం సర్కారు. ప్రచారంలో ఉన్న ఇతర పాఠాల్లో ఆ స్థానంలో దొర పేరు ఉంటుంది. వాటిలో సూర్యాపేట ప్రాంతపు భూస్వామి జన్నారెడ్డి ప్రతాపరెడ్డిని సంబోధించే పాఠం గమనార్హం. పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన పోరాటచరిత్రలో ఇచ్చిన లెక్కల ప్రకారం జన్నారెడ్డి కుటుంబం అధీనంలో లక్షన్నర ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000, సూర్యాపేట దేశ్‌ముఖ్ కింద 20,000, మిర్యాలగూడ తాలూకా బాబాసాహెబుపేట దేశ్‌ముఖ్ కింద 10,000 ఎకరాలు ఉన్నాయి. ఈ అంకెల వెలుగులో పాటలోని బండ్ల వరుస అతిశయోక్తి అలంకారంగా మిగలదు. పండిన పంట ఎటు పోతున్నదో, ఎవరి గడీకి చేరుతున్నదో పాడేవాడికి తెలుసు. పేరు పెట్టి పిలవగలిగినంత దగ్గరలో ఉన్న శత్రువు అతడు.

కోదాడ వైపు నుంచి చూస్తే ఈ సంబోధన మారే స్వభావం మరింత స్పష్టమవుతుంది. సూర్యాపేట, కోదాడల నడుమ ఉన్న మునగాల పరగణా ఆనాడు నైజాం రాజ్యంలో లేదు. చుట్టూ నైజాం గ్రామాలు, మధ్యలో బ్రిటిషు మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాకు చెందిన దీవి వంటి ప్రాంతం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు అండగా నిలిచిన నాయని వెంకటరంగారావు ఆ పరగణా జమీందారే. ఆ జమీందారీలోనే 1930ల చివర రైతులు పోరాడారు. (భాషాసేవకు ఆయనను స్మరించే వ్యాసాలు ఈ రెండో సంగతిని తరచు వదిలేస్తాయి.) ఒక పొలిమేర దాటితే సర్కారు మారుతుంది, శత్రువు పేరు మారుతుంది, నాగలి మాత్రం అదే. ఇటువంటి సరిహద్దు ప్రాంతంలో తిరిగే పాటకు సంబోధనస్థానం ఖాళీగా, ఏ ఊరి పేరైనా పట్టేలా ఉండడం సహజమని ఊహించవచ్చు. మౌఖికసాహిత్యంలో పాఠాంతరం అన్న మాటకు ఇక్కడ అసలైన అర్థం దొరుకుతుంది. ఇది మరచిపోవడం వల్ల పుట్టిన తేడా కాదు, అవసరం వల్ల పుట్టిన తేడా.

తెర మీద స్థిరపడిన పాఠం

కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ‘మా భూమి’ 1980 మార్చిలో విడుదలైంది. ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ పాడడమే కాక తెర మీదా కనిపించాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై దరిదాపుల్లో ఉంది. రచన ఆయనది కాదు; ఒక తరం ముందటి పోరాటకారుడి పాటను అందుకుని పాడుతున్నాడు. తెర మీద ఆయన ఒక గుంపుకు ముందు నిలిచిన గొంతు మాత్రమే.

సినిమా నైజాం సర్కారు సంబోధనను ఎంచుకోవడం వెనుక జంకు ఉందనడానికి వీల్లేదు. చిత్రకథ దొరల దోపిడీని దాచలేదు. రాష్ట్రమంతటి ప్రేక్షకుడికి సూర్యాపేట తాలూకా భూస్వామి పేరు తెలియదు, నైజాం తెలుసు. అయితే ఫలితం మాత్రం ఒకటి మిగిలింది. ఊరు మారినప్పుడల్లా మారే స్థానం ఒకచోట గడ్డకట్టింది. ఆ తరవాత పాడినవారంతా తెర మీది పాఠాన్నే పాడారు. పాఠ్యగ్రంథాలు, సిద్ధాంతవ్యాసాలు సైతం దాన్నే మూలపాఠంగా స్వీకరించాయి. 1948లో నైజాం పాలన ముగిసింది, దొరల భూమి సమస్య ముగియలేదు. సంబోధన నైజాం దగ్గర స్థిరపడినకొద్దీ పాట గతానికి చెందిన జ్ఞాపకంగా వినిపించే అవకాశం పెరిగింది.

మూడు దశాబ్దాల తరవాత

మధ్యకాలపు గద్దర్ జీవితం సుపరిచితమే. 1980ల ఉత్తరార్ధంలో అజ్ఞాతవాసం, 1990లో హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో జనం ముందుకు రావడం, 1997 ఏప్రిల్ 6న కాల్పులు, వెన్నులో చివరిదాకా ఉండిపోయిన తూటా. ‘ఒరేయ్ రిక్షా’ (1995) కోసం ఆయన రాసిన పాటలు జనాదరణ పొందినా, ‘నీ పాదం మీద పుట్టుమచ్చనై’ వినిపించింది వందేమాతరం శ్రీనివాస్ గొంతులో. ఆ చిత్రానికి వచ్చిన నంది పురస్కారాన్ని గద్దర్ తిరస్కరించాడు.

2011 ఫిబ్రవరిలో వచ్చిన ‘జై బోలో తెలంగాణ’కు మిర్యాలగూడ ప్రాంతం నుంచి వెళ్ళిన ఎన్. శంకర్ దర్శకుడు, చక్రి సంగీతదర్శకుడు. ‘పొడుస్తున్న పొద్దు మీద’ రచన, గానం, తెర మీది రూపం అన్నీ గద్దర్‌వే. ఇప్పుడు ఆయన మరొకరి పాటను మోసుకొచ్చే గుంపులోని గొంతు కాదు. ప్రేక్షకుడు తెర మీద ఆయనను గుర్తుపడతాడు, నలభై ఏళ్ళ చరిత్రను ఆ ముఖంలో చదువుకుంటాడు.

ఈ పాటలో శత్రువు సంబోధితుడు కాడు. పిలుపు కాలానికి, పోరాడే తెలంగాణకు. పల్లవే సంబోధన. ‘బండెనక’లో సంబోధన చరణం చివర దెబ్బలా పడితే, ఇక్కడ అది మొదటే వచ్చి పాటంతటికీ గొడుగు పడుతుంది. నిలదీసే మధ్యమపురుష స్థానంలో పలకరించే మధ్యమపురుష చేరింది. భాష కూడా జరిగింది. ‘పొడుస్తున్న’ అన్న వర్తమాన క్రియాజన్య విశేషణం ప్రామాణిక వ్యావహారికానికి చేరువైన రూపం. ‘బండెనక’ వంటి నోటి సంధి ఇక్కడ శీర్షికలో లేదు. పొద్దు పొడవడం పూర్తికాలేదు, మొదలుకాకనూ లేదు. రాష్ట్రం ఏర్పడడానికి మూడేళ్ళ ముందు, ఏర్పడుతుందో లేదో తేలని రోజుల్లో ఆ వ్యాకరణరూపం ఎంతో ఉచితమైనది.

దీన్ని పరిణతి అనాలా, పదును తగ్గడం అనాలా? ఉద్యమం వర్గం నుంచి ప్రాంతానికి మారినప్పుడు ‘మేము’ విస్తరిస్తుంది. విస్తరించిన ‘మేము’లో నిన్నటి దొర వారసుడికి కూడా చోటు దొరుకుతుంది. అప్పుడు దొర పేరు పలకడం కష్టం. సంబోధన కాలానికి మళ్ళడంలో కవితాసౌందర్యంతోపాటు ఈ ఇబ్బంది కూడా ఉంది. అడోర్నో, సైద్‌లు చెప్పిన పొసగనితనం గద్దర్‌లో కనిపించేది ఇక్కడే. మాటలు అందరినీ కలుపుకుంటాయి, గొంతులోని గరుకు మాత్రం కలుపుకోదు. వాద్యబృందం ఎంత నునుపు చేసినా, ఆ జీర పాత నిలదీతను గుర్తుచేస్తూనే ఉంటుంది. ‘మా భూమి’ రికార్డింగులో కోపం మాటల్లో ఉంది. 2011 రికార్డింగులో అది శబ్దంలోకి వెళ్ళింది.

ఈ గానానికి గద్దర్ 2011 సంవత్సరపు ఉత్తమ నేపథ్యగాయకుడిగా నందికి ఎంపికయ్యాడు. ఇచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, చిత్రం ఆ రాష్ట్ర విభజనను కోరినది. 2023 ఆగస్టు 6న గద్దర్ మరణించాడు. మరుసటి ఏడాది తెలంగాణ ప్రభుత్వం చలనచిత్ర పురస్కారాలకు ఆయన పేరే ప్రకటించింది. ఒకప్పుడు పురస్కారాన్ని కాదన్న మనిషి పేరు పురస్కారానికే పేరైంది. మలిదశ అధ్యయనానికి ఇదొక అనుబంధాధ్యాయం కాగలదు.

క్షేత్రపర్యటనలో వెతకవలసినది

2016లో సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయింది, కోదాడ దానిలో చేరింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పాట తిరిగిన నేలకు ఈ హద్దులతో పని లేదు కాబట్టి, పాఠాంతరాల సేకరణ పాత తాలూకాల వారీగా, మునగాల పరగణాను విడిగా గుర్తిస్తూ సాగాలి. 1946లో పదిహేనేళ్ళున్నవారు ఇప్పుడు తొంభై దాటి ఉంటారు. అందువల్ల ప్రత్యక్షంగా విన్నవారికంటే వారి బిడ్డలే ఎక్కువగా దొరుకుతారు. పాట పాడమని అడిగితే వారు పాడేది చాలావరకు సినిమా పాఠమే కావచ్చు. రికార్డు చేసుకుని దాన్నే ‘సేకరించిన మౌఖికపాఠం’గా నమోదు చేసే ప్రమాదం అక్కడే ఉంది. పాట అయిపోయాక, మీ ఊళ్ళో ఎవరి పేరు పెట్టి పాడేవాళ్ళని అడగాలి. చెప్పిన పేరును, చెప్పిన ఊరిని, ఆ ఊరి పాత తాలూకాను పాటతోపాటే రాసుకోవాలి. పేరు చెప్పడానికి వెనుకాడితే ఆ వెనుకాటును కూడా.